వార్తల్లో పదం: రీకాల్

అమ్మేసిన వాహనాల్లో ప్రాణాల మీదికి తెచ్చే తయారీ లోపం బయటపడితే, కంపెనీయే వాటిని వెనక్కి పిలిపించి ఉచితంగా సరిచేయడమే రీకాల్. సస్పెన్షన్ లోపమైతే ఒక్కరోజు జాప్యం కూడా పనికిరాదు. లోయర్ ఆర్మ్ చివరనుండే బాల్ జాయింట్ ఊడిందంటే ముందు చక్రం పక్కకు వాలిపోతుంది. స్టీరింగ్ ఎంత తిప్పినా బండి అదుపులోకి రాదు. 2014లో టొయోటా అమెరికాలో దాదాపు 6.9 లక్షల టకోమా ట్రక్కులను రీకాల్ చేసింది. వెనక కమాన్ పట్టీ విరిగి, ఇంధన ట్యాంకుకు చిల్లు పెట్టే ప్రమాదముందన్నది కారణం.

మన దగ్గర కంపెనీల ఇష్టానికే వదిలేసిన ఈ పనికి 2019 మోటారు వాహనాల సవరణ చట్టం బలమిచ్చింది. 110ఎ సెక్షన్ కింద కేంద్రమే రీకాల్‌కు ఆదేశించవచ్చు. నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఏడేళ్లలోపు వాహనాలకు వర్తిస్తాయి.

సెకండ్‌హ్యాండ్ బండి కొన్నవాళ్లే ఎక్కువ జాగ్రత్తపడాలి. కంపెనీ కబురు చాలాసార్లు పాత యజమాని ఫోన్‌కే వెళ్తుంది. ఆర్సీలోని ఛాసిస్ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, లేదా సర్వీస్ సెంటర్లో అడగండి. పనయ్యాక, ఏ భాగం మార్చారో రాసిన జాబ్ కార్డు అడిగి తీసుకోండి.