హైడ్రాలిక్ యంత్రాలకు కంప్యూటర్ పరీక్ష

కర్మాగారాలలోని ప్రెస్సులకూ, రోడ్ల పనులలో మట్టి తవ్వే యంత్రాలకూ బలాన్నిచ్చేది పీడనానికి లోనైన నూనె. 17వ శతాబ్దంలో పాస్కల్ ప్రతిపాదించిన సూత్రం ఆధారంగా 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు పొందాడు. 100 మిల్లీమీటర్ల వ్యాసంగల సిలిండరులోకి 200 బార్ల పీడనంతో నూనెను పంపితే పిస్టను సుమారు 16 టన్నుల బలంతో నెడుతుంది. ఈ లెక్కకు కాగితం, పెన్సిలు చాలు.

చిక్కంతా పిస్టను కదిలే క్షణంలోనూ, ఆగే క్షణంలోనూ ఉన్నది. వాల్వు హఠాత్తుగా మూసుకొన్నప్పుడు గొట్టంలో పీడనం ఒక్కసారిగా పెరుగుతుంది. గొట్టం పగిలిందా, పక్కన నిలిచిన కార్మికుని ప్రాణానికే ముప్పు. ద్రవాలు కుదించుకుపోవని పాఠశాలలో చదువుకొన్నాము గాని, 200 బార్ల వద్ద నూనె ఘనపరిమాణం ఒక శాతానికి పైగా తగ్గుతుంది. అందులో గాలి బుడగలు చేరితే, ముఖ్యంగా తక్కువ పీడనాల వద్ద, ఆ కుదింపు ఎన్నో రెట్లు అధికమవుతుంది. ఇటువంటి మార్పులను సెకనులో వెయ్యోవంతు చొప్పున గణించి చూపడమే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ పని. పంపు, వాల్వు, సిలిండరు గుర్తులను తెరపై కలిపి, కొలతలు ఇస్తే, యంత్రాన్ని నిర్మించకముందే దాని నడక తెలుస్తుంది. అయితే నూనెలో గాలి లేదని మనం చెబితే అది నమ్ముతుంది!

సాఫ్ట్‌వేర్ కొత్త రూపం వచ్చినప్పుడు మరొక సమస్య ఎదురవుతుంది. యంత్ర వ్యవస్థల నమూనాలను వ్రాసే ‘మోడెలికా’ భాష నిర్దేశం తొలిసారిగా 1997లో వెలువడింది. 2020లో దాని ప్రామాణిక లైబ్రరీ 4.0 విడుదలైనప్పుడు, కొలమానాల విభాగంతో సహా కొన్నింటి పేర్లు మారాయి. పాత నమూనాలను మార్చుకొనే సాధనాన్ని కూడా దానితోపాటే సమకూర్చారు. పేరు మారితే కంప్యూటరు తప్పు చూపి ఆగిపోతుంది గనుక భయం లేదు. సమీకరణాలను సాధించే పద్ధతిగాని, ముందుగా నింపి ఉంచిన విలువగాని మారితే అది ఆగదు. వేరొక జవాబును నిబ్బరంగా చెబుతుంది. అందువల్ల పాత రూపాన్ని వెంటనే తొలగించరాదు. కర్మాగారంలో నడుస్తున్న ఒక యంత్రపు నమూనాను రెండింటిలోనూ నడిపి, ఫలితాలను పీడనమాపకపు అంకెలతో పోల్చి చూడాలి.

ఖరీదైన లైసెన్సులు చిన్న పరిశ్రమలకు అందవు. మోడెలికాపై ఆధారపడిన ‘ఓపెన్‌మోడెలికా’ ఉచితంగా లభిస్తుంది. కేంద్ర విద్యా మంత్రిత్వశాఖ తోడ్పాటుతో బొంబాయి ఐ.ఐ.టి. నిర్వహించే ‘ఫోసీ’ పథకం దేశంలో దీని వాడకాన్ని ప్రోత్సహిస్తున్నది. అక్కడి ‘స్పోకెన్ ట్యుటోరియల్’ పథకం ఇటువంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లపై పాఠాలను పలు భారతీయ భాషలలో వినిపిస్తున్నది.