కుతూహలం పెంచింది, కుతూహలమే కుంగదీసింది

2005 దీపావళికి బెంగళూరు నుంచి హైదరాబాదుకు బస్సు టిక్కెట్టు దొరకనివారు ఎందరో ఉండి ఉంటారు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఇంజనీరుగా ఉన్న ఫణీంద్ర సామా కూడా వారిలో ఒకరు. తక్కినవారు విసుక్కుని ఊరుకోగా, ఆయన మాత్రం నిజంగానే సీట్లు లేవా, ఉండీ తెలియడం లేదా అని ఆరా తీశారు. ఏజెంటు ఫోను చేయాలి, యజమాని చార్టు చూసి చెప్పాలి. ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీయో ఒక్కచోట తెలిసే మార్గమే లేదని తేలింది. మిత్రులతో కలిసి ఆయన యజమానుల కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేస్తే వారు ఆసక్తి చూపలేదు. ఎందుకు వద్దంటున్నారన్న రెండో ప్రశ్నే సంస్థను నిలబెట్టింది. సాఫ్ట్‌వేర్ అమ్మడం పక్కనపెట్టి, తామే టిక్కెట్లు అమ్మడానికి పూనుకున్నారు. 2006లో వెలసిన ఆ రెడ్‌బస్‌ను 2013లో ఐబిబో గ్రూపు కొనుగోలు చేసింది.

ఓలా కథ కూడా ప్రయాణపు చేదు అనుభవంతోనే మొదలయింది. బెంగళూరు నుంచి బండీపూర్‌కు వెళ్తుండగా డ్రైవరు దారి మధ్యలో కారు ఆపి అదనపు సొమ్ము అడగడం భవీష్ అగర్వాల్‌ను ఆలోచింపజేసింది. 2010లో అంకిత్ భాటితో కలిసి ప్రారంభించిన సంస్థ కొద్ది ఏళ్ళలోనే దేశమంతటా విస్తరించింది. చిక్కు అక్కడి నుంచే వచ్చింది. కార్లు నడిపించగలిగినవారు భోజనం, కిరాణా ఎందుకు అందించలేరన్న కుతూహలం సారథులను పట్టుకుంది. 2015లో తెరచిన ఓలా కేఫ్, ఓలా స్టోర్ మరుసటి ఏడాదికే మూతపడ్డాయి. ఆ అనుభవం తర్వాత కూడా 2017 డిసెంబరులో ఫుడ్‌పాండా భారత విభాగాన్ని కొన్నారు. 2019 నాటికి ఆ వ్యాపారమూ కుదించుకుపోయింది. 2022లో పాత కార్ల విక్రయం, సత్వర సరుకుల సేవ ఆగిపోయాయి. 2024లో బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల నుంచి ఓలా వైదొలగింది.

మదుపరుల సొమ్ము ధారాళంగా లభించిన కాలంలో మొదటి ప్రశ్నకు జవాబు పూర్తిగా దొరకక ముందే రెండోదానికి పరుగెత్తే వెసులుబాటు కలిగింది. సామాకు ఆ సౌకర్యం లేదు. బహుశా అదే ఆయనకు మేలు చేసింది.

అయితే ఓలా అధినేత చంచలత్వమంతా వృథా అనడం న్యాయం కాదు. విద్యుత్ వాహనాలపై ఆయనకు కలిగిన ఆసక్తే ఓలా ఎలక్ట్రిక్‌గా రూపుదిద్దుకుంది. 2024 ఆగస్టులో రూ. 76 ధరకు ఇష్యూ జారీచేయగా, షేరు కొద్ది రోజుల్లోనే రూ. 150 దాటింది. అదే ఏడాది నవంబరులో జారీ ధర కంటే దిగువకు పడిపోయింది.