తుఫాను నాటికి తలుపు తెరుచుకోవాలంటే

ఈ దినము మనము ఒక భవనమును గూర్చి ఆలోచిద్దాము. అది ఆలయము కాదు, బడి కాదు. మీ ఊరిలో పంచాయతీ ఆఫీసు పక్కనో, పేట చివరనో ఉన్న కమ్యూనిటీ హాలు. దానిని ఎవరు ఊడుస్తారు? కరెంటు బిల్లు ఎవరు కడతారు? అందులో ఏ కార్యక్రమము ఎప్పుడు జరగాలో ఎవరు నిర్ణయిస్తారు? తాళపుచెవి ఈ రాత్రి ఎవరి ఇంటిలో ఉంది? ఈ నాలుగు ప్రశ్నలకు వెంటనే జవాబు చెప్పగలిగితే మంచిదే. చెప్పలేకపోతే, దయచేసి ఈ మాటలు జాగ్రత్తగా వినండి. ముఖ్యముగా కోస్తా జిల్లాలలో, సముద్రమునకు దగ్గరగా కాపురమున్నవారు వినండి.

ఎందుకంటే తీరమున అనేక గ్రామాలలో ఈ హాలు ఒట్టి పెళ్ళిళ్ళ హాలు కాదు. అదే తుఫాను షెల్టరు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినప్పుడు నీటి గోడ సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిందని చెబుతారు. లెక్కకు అందినంతవరకే దాదాపు 10 వేలమంది చనిపోయారు. ఆ తరువాత ప్రభుత్వము, స్వచ్ఛంద సంస్థలు, వాటితోపాటు క్రైస్తవ సేవాసంస్థలు తీరము వెంబడి గట్టి భవనములు కట్టించాయి. 1990 మే 9న దానికి తీసిపోని తుఫాను మరల కృష్ణా ముఖద్వారము దగ్గర తీరము దాటింది. ఈసారి చనిపోయినవారు వెయ్యిమంది లోపే. అది కూడా చిన్న సంఖ్య కాదు. అయినా ఆ తేడా ఎందుకు వచ్చింది? హెచ్చరిక ముందుగా అందింది, లక్షలమందిని తరలించారు, తలదాచుకొనుటకు చోటు ఉంది.

ఇప్పుడు ఒక సంగతి గమనించండి. తుఫాను ఏడాదికి ఒకటి రెండు రోజులు వస్తుంది, కొన్ని ఏండ్లు అసలు రాదు. ఆ మిగిలిన మూడువందల అరవై రోజులు హాలు ఏమి చేస్తూ ఉంటుంది? అక్కడే మన ప్రశ్న ఉంది. వాడని హాలు సముద్రపు ఉప్పుగాలికి పాడవుతుంది. కిటికీ కొక్కేలు తుప్పు పడతాయి, శ్లాబులోని ఇనుప కడ్డీలు ఉబ్బి పెచ్చులు ఊడతాయి, మరుగుదొడ్డి తలుపు ఊడిపోతుంది, బావురుపిల్లులు కాపురము పెడతాయి. "ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది" అని పెద్దలు ఊరకనే అనలేదు. కాబట్టి ఈ దినపు మాట ఒక్కటే: ఏడాది పొడవునా మనుషులు మసలే హాలే తుఫాను రాత్రి మనుషులను కాపాడుతుంది.

అయితే దానిని ఎట్లు నడపాలి? మొదటిది, కమిటీ. హాలు పంచాయతీదైతే పంచాయతీ తీర్మానముతో, సొంత సంస్థదైతే సొసైటీగా రిజిస్టరు చేసి, ఏడెనిమిదిమందితో కమిటీ వేసుకోండి. అందులో డ్వాక్రా మహిళలు ఇద్దరైనా ఉండాలి. ప్రతి పేటనుండి ఒకరుండాలి. ఒక్కొక్కరికి ఒక్కొక్క పని పేరు పెట్టి అప్పగించండి: ఒకరు బుకింగు పుస్తకము, ఒకరు డబ్బు, ఒకరు నీరు, మరుగుదొడ్లు, ఒకరు కరెంటు, జనరేటరు. "అందరమూ చూసుకొందాము" అన్న పనిని ఎవరూ చూడరు. తాళపుచెవులు మూడు చేయించి మూడు వేర్వేరు పేటలలో ఉంచండి. అవి ఎవరి ఇండ్లలో ఉన్నాయో తలుపు మీద రంగుతో వ్రాయించండి. ఒక ఇల్లు నీటిలో చిక్కుకొన్నా మరొక తాళపుచెవి దొరకాలి.

రెండవది, సంవత్సరపు పట్టిక. ఒక పెద్ద కాగితము మీద పన్నెండు నెలలు గీసి గోడకు అతికించండి. జనవరిలో సంక్రాంతి ముగ్గుల పోటీలు, 26న జెండా పండుగ. మాఘ, ఫాల్గుణ మాసములలో పెళ్ళిళ్ళు వరుసగా వస్తాయి. హాలుకు రాబడి కూడా అప్పుడే. ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి. మరుసటి రోజు, ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మన తీరమున సముద్రములో మరపడవల వేటకు నిషేధము. మత్స్యకారులు ఇంటిపట్టున ఉండే ఆ 61 రోజులు ఊరి సభలకు, ఆరోగ్య శిబిరములకు, ఈత, ప్రథమ చికిత్స నేర్పుటకు మంచి సమయము. మే నెలలో పిల్లలకు సెలవుల బైబిలు పాఠశాల. అయితే మే నెల తుఫానుల కాలము కూడా అని మరచిపోకండి. 1990 తుఫాను మేలోనే వచ్చింది.

జూలై, ఆగస్టు వానలలో శ్లాబు ఎక్కడ కారుతుందో సుద్దముక్కతో గుర్తు పెట్టండి. సెప్టెంబరులో ఆ మరమ్మతు పూర్తి చేయండి. ఎందుకంటే అక్టోబరు నుండి డిసెంబరు వరకు బంగాళాఖాతము మనకు గడ్డు కాలము. 1996లో కోనసీమ తుఫాను నవంబరు 6న వచ్చింది. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న విశాఖను కొట్టింది. 2023లో మిచాంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరము దాటింది. 2025లో మొంథా అక్టోబరు 28 రాత్రి నరసాపురము దగ్గర దాటింది. గనుక ఈ మూడు నెలల బుకింగు రసీదు మీద ఒక మాట అచ్చు వేయించండి: "తుఫాను హెచ్చరిక వస్తే కార్యక్రమము రద్దు, అడ్వాన్సు వాపసు." ముందే ఒప్పుకొన్న మాట అయితే ఆ రోజు తగవు ఉండదు. సెమీ క్రిస్మస్ పెట్టుకొనే మన సంఘములకు కూడా ఇదే నియమము వర్తించాలి.

ఆ కాలములోనే మరొక చిక్కు వస్తుంది. డెల్టాలో సార్వా వరి కోతలు నవంబరు, డిసెంబరులలో. వాన మబ్బు కనిపించగానే రైతు ధాన్యము బస్తాలు హాలులో వేసుకొంటానంటాడు. అతని కష్టము నిజమైనదే. కాని రెండువందలమంది పడుకొనే చోట బస్తాలు నిండితే పిల్లలు, వృద్ధులు ఎక్కడ ఉండాలి? బస్తాలకు వేరే చోటు, టార్పాలిన్లు ముందే ఏర్పాటు చేయండి, హాలులోనికి మాత్రము వద్దు. స్తంభముల మీద లేపి కట్టిన షెల్టరైతే ఆ స్తంభముల మధ్య గోడలు కట్టి కొట్లు పెట్టనివ్వకండి. ఉప్పెన నీరు క్రిందుగా పోవుటకే ఆ ఖాళీ. దానిని మూస్తే నీటి బలమంతా కట్టడము మీద పడుతుంది.

మూడవది, డబ్బు. బ్యాంకులో హాలు పేర ఖాతా, ఇద్దరి సంతకాలు, అందులో ఒకరు మహిళ. ఊరివారికి ఒక అద్దె, బయటివారికి ఒక అద్దె, డ్వాక్రా సమావేశములకు, పిల్లల కార్యక్రమములకు ఉచితము. కార్యక్రమమునకు ముందు, తరువాత కరెంటు మీటరు రీడింగు వ్రాసుకోండి. ప్రతి నెలా జమాఖర్చులు గోడ మీద అతికించండి. లెక్క కనిపించిన చోట అనుమానము నిలువదు. రాబడిలో కొంత పక్కకు తీసి గుండిగలు, గంగాళాలు, గరిటెలు కొనండి. అవి అద్దెకు తిరుగుతాయి, హాలుకు డబ్బు తెస్తాయి. పెళ్ళికి అన్నము వండిన గుండిగే తుఫాను నాడు అన్నము వండుతుంది. మైకు విషయములో చట్టమును గౌరవించండి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమముల ప్రకారము రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు బయటికి మైకు పెట్టకూడదు. ఇరుగుపొరుగువారిని నిద్రపోనివ్వని హాలును ఊరు ప్రేమించదు.

నాలుగవది, అన్నిటికంటె ప్రాముఖ్యమైనది. హాలు అందరిదిగా ఉండాలి. ఇది మర్యాద మాట మాత్రమే కాదు, ప్రాణముల మాట. పెళ్ళికి గుమ్మమెక్కనివ్వని పేటవారు, మీటింగుకు పిలువని పల్లెపాలెమువారు, గాలివాన రాత్రి ఏ ధైర్యముతో ఆ తలుపు తడతారు? "అది వారి హాలు" అనుకొని పూరింటిలోనే ఉండిపోతారు. తలుపు తెరచియున్నా, అంతకుముందు ఏండ్ల తరబడి మూసియుంచిన తలుపు వారి మనస్సులో మూసే ఉంటుంది. ఏడాదికి ఒక్కసారైనా ప్రతి ఇంటివారు ఆ హాలులో కూర్చుని భోజనము చేసేటట్లు చూడండి. ఆడవారికి గడియ వేసుకొనే మరుగుదొడ్డి, వెలుతురు లేకపోతే గర్భిణులు, వయసు పిల్లలు ఉన్న తల్లులు రారని కూడా జ్ఞాపకముంచుకోండి.

ఇక హెచ్చరిక వచ్చినప్పుడు ఏమి చేయాలి? వాతావరణ శాఖ తీరము దాటుటకు సుమారు 72 గంటల ముందు మొదటి సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక ఇస్తుంది. మొదటి సూచనకే హాలు ఖాళీ చేసి కడగండి, నీటి ట్యాంకు నింపి క్లోరిన్ కలపండి. రెండవదానికి బియ్యము, పప్పు, వంటచెరకు, గ్యాసు, టార్చిలైట్లు లోపల పెట్టండి. పశువులను మెరక చోటికి తోలించండి, ఎందుకంటే చాలామంది ఇల్లు వదలనిది పశువుల కోసమే. మూడవదానికి వృద్ధులను, వికలాంగులను, బాలింతలను ముందుగా తీసుకొని రండి. జనరేటరును మాత్రము ఆ రోజున మొదటిసారి తిప్పకండి. నెలకొకసారి పది నిమిషములు తిప్పి, డీజిలు ఉందో లేదో చూడండి. సిద్దెలలో నూనె లేని కన్యకల సంగతి మీకు నేను చెప్పనవసరము లేదు.

ప్రియులారా, దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. ఈ వారము మీలో ఒకరు పోయి ఆ హాలు తాళము తీసి చూడండి. కొళాయి తిప్పండి, లైటు వేయండి, కిటికీ గడియ పెట్టి లాగండి, మరుగుదొడ్డి తలుపు మూసి చూడండి. కనిపించిన లోపములను కాగితము మీద వ్రాసి సర్పంచి గారికి ఇవ్వండి. మరమ్మతుకు ఒక రోజు కూలి మీ సంఘమునుండే ఇస్తామని చెప్పండి. తరువాత ఒక చిన్న కార్యక్రమము పెట్టి ఊరందరినీ పిలువండి, టీ ఇచ్చినా చాలు. మీ ఊరి తలుపులు అవసర సమయములో తెరచియుండును గాక. సెలవు.