తాకట్టు కంటే ముందు తట్టాల్సిన తలుపులు

మాదాపూర్, గచ్చిబౌలి వైపు బ్యాంకు శాఖల్లో విద్యా రుణాలు చూస్తూ రిటైరయ్యాను. ఎమ్మెస్‌కో ఎంటెక్‌కో వెళ్లే పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులు కూర్చోగానే సంచి విప్పేవారు. అందులో ఇంటి దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ ఉండేవి. కోర్సు ఏమిటో, ఖర్చెంతో మాట్లాడుకోకముందే ఇల్లు తాకట్టుకు సిద్ధమైపోయేది. సూర్యాపేట వైపు నుంచి వచ్చిన ఓ రైతు "సార్, పొలం పట్టా పాసుబుక్కు తెచ్చిన, సరిపోతదా?" అని అడిగారు. విద్యా రుణానికి వ్యవసాయ భూమిని హామీగా బ్యాంకులు సాధారణంగా తీసుకోవు. ఆ మాట విన్నాకే చాలామంది పొలం అమ్ముతారు, లేదా బయట మిత్తికి తెస్తారు. అంతదూరం పోకముందు అడగాల్సిన చోట్లు వరసగా చెబుతాను.

మొదట, తిరిగి కట్టనక్కర్లేని సొమ్ము. విదేశాల్లో పీజీ చదివేందుకు తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ పేరిట, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట విద్యా నిధి పథకాలు నడుపుతోంది. మైనారిటీలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ పథకం ఉంది. ఎంపికైతే 20 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది. కుటుంబ ఆదాయానికి పరిమితి ఉంది కాబట్టి ఆదాయ, కుల ధ్రువపత్రాలు మీసేవలో ముందే తీసిపెట్టుకోండి.

విదేశమే వెళ్లాలని ఏముంది? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ట్రిపుల్ ఐటీ రెండూ గచ్చిబౌలిలోనే ఉన్నాయి. గేట్ స్కోరుతో ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీలో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల చొప్పున 24 నెలలు స్కాలర్‌షిప్ వస్తుంది. పరిశోధన వైపు వెళ్లి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) సాధిస్తే 2023 నుంచి నెలకు 37,000.

ఉద్యోగం వదలలేని వారికీ దారుంది. బిట్స్ పిలానీ 1979 నుంచే పనిచేస్తూ చదివే కోర్సులు నడుపుతోంది. కొన్ని కంపెనీలు ఫీజులో వాటా భరిస్తాయి. అందుకు బదులు ఎన్నేళ్లు అక్కడే పనిచేయాలో హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి.

ఇవన్నీ చూశాకే రుణం. బ్యాంకుల సంఘం నమూనా పథకంలో 4 లక్షల వరకు హామీ అడగరు. ప్రభుత్వ గ్యారంటీ నిధి కింద 7.5 లక్షల వరకు కూడా తాకట్టు లేకుండా ఇవ్వొచ్చు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, దేశంలోని ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో సీటొస్తే తాకట్టూ, ష్యూరిటీ సంతకమూ అక్కర్లేదు. కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షలలోపు ఉండి, ఇతర సాయమేదీ అందనివారిలో ఎంపికైనవారికి 10 లక్షల వరకు రుణంపై మారటోరియం కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ వస్తుంది.

మారటోరియం అంటే వడ్డీ ఆగుతుందని చాలామంది అనుకుంటారు. ఆగేది ఈఎంఐ ఒక్కటే. 30 లక్షలు 10 శాతానికి తీసుకుంటే ఏడాదికి 3 లక్షలు, నెలకు 25 వేలు వడ్డీ. కట్టకపోతే అది చివరికి అసలులో కలుస్తుంది. అందుకే మొత్తం ఒకేసారి తీసుకోకుండా సెమిస్టర్ ఫీజు గడువును బట్టి విడుదల చేయించుకోండి. పాత పన్ను విధానంలో ఉన్నవారికి, బ్యాంకుకు కట్టిన వడ్డీ మొత్తంపై 8 ఏళ్లపాటు మినహాయింపు దొరుకుతుంది. బయట తెచ్చిన మిత్తికి అది వర్తించదు.

పార్ట్‌టైమ్ సంపాదనతో ఫీజు కట్టేయొచ్చని కన్సల్టెన్సీలు చెబితే నమ్మకండి. అమెరికాలో ఎఫ్-1 విద్యార్థి క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ఆ డబ్బు తిండికీ అద్దెకీ అక్కరకొస్తుంది, అంతే. టీచింగ్, రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్‌లు దొరికితే ఫీజు భారం బాగా తగ్గుతుంది. వాటికోసం డిపార్ట్‌మెంటుకు ముందే రాయాలి.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. అడ్మిషన్ లెటర్ వచ్చాక కాదు, బీటెక్ మూడో ఏడులోనే పిల్లలతో కూర్చుని ఈ లెక్క వేయండి. ఉన్న ఒక్క ఇంటి కాగితాలు బ్యాంకుకు తేవాల్సివస్తే, మిగతా తలుపులన్నీ తట్టాకే తేండి.