పాత యంత్రం – కొత్త ఆట

చదువు నిమిత్తమో, ఉద్యోగ నిమిత్తమో ఇంటికి వచ్చిన కంప్యూటరు ఐదారేళ్లు గడిచేసరికి పాతదనిపించుకొంటుంది. ఉత్తరాలు రాయడానికి, లెక్కలు వేయడానికి, పాఠాలు వినడానికి అది చక్కగానే ఉపకరిస్తుంది. కొత్త ఆటను ప్రారంభించినప్పుడే దాని వయసు బయటపడుతుంది. పరుగెత్తవలసిన వీరుడు తడబడుతూ నడుస్తాడు. క్రికెట్ ఆటలో బంతి వికెట్లను తాకిన తరువాత బ్యాటు కదులుతుంది. యంత్రం పాతబడింది, కొత్తది కొనవలసిందే అన్న తీర్పు వెంటనే వెలువడుతుంది. ఆడలేక మద్దెల ఓడన్నారు పెద్దలు. ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు కావచ్చు. అయినా ఏ వైపు చర్మం సడలిందో చూడకుండా మద్దెలనే పారవేయడం వివేకం అనిపించుకోదు. లోపం ఒక భాగంలో ఉండగా మరొక భాగాన్ని కొని, వేల రూపాయలు పోసిన తరువాత కూడా ఆట అట్లాగే తడబడటం చూసి విస్తుపోయేవారు లేకపోలేదు.

తెరపై కనిపించే కదలిక నిజానికి వరుసగా మారే నిశ్చలచిత్రాల సముదాయం. ఒక్కొక్క చిత్రాన్ని ఫ్రేము అంటారు. చలనచిత్రంలో సాధారణంగా సెకనుకు 24 ఫ్రేములు ఉంటాయి. అవి ముందుగానే సిద్ధమై ఉంటాయి. కంప్యూటరు ఆటలో ఆ వెసులుబాటు లేదు. ఆటగాడు ఎటు తిరుగుతాడో ముందు తెలియదు కనుక ప్రతి ఫ్రేమునూ అప్పటికప్పుడు గీయవలసి ఉంటుంది. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కొక్కదానికి దొరికే గడువు దాదాపు 16.7 మిల్లీసెకన్లు. 30 చాలుననుకొంటే ఆ గడువు 33.3 మిల్లీసెకన్లకు పెరుగుతుంది. పాత యంత్రంపై ఆటను మెరుగుపరచడమంటే ఈ గడువులోగా పూర్తికాగలిగేంతగా పనిని తగ్గించడమే.

సగటు వేగం ఒక్కొక్కసారి మోసపుచ్చుతుంది. సగటున 60 ఫ్రేములు వస్తున్నా, నడుమ ఒక్క ఫ్రేము 100 మిల్లీసెకన్లు తీసుకొంటే కంటికి కుదుపు తెలిసిపోతుంది. అందుచేత 35కూ 55కూ మధ్య ఊగిసలాడే వేగం కంటె 30 వద్ద స్థిరంగా కట్టివేసిన వేగమే హాయిగా ఉంటుంది. ఇటువంటి పరిమితిని విధించే సదుపాయం అనేక ఆటలలోనే ఉంటుంది. దానిని ఉపయోగించడానికి ఒక్క రూపాయి ఖర్చు కాదు.

ఒక ఫ్రేము తయారీలో పలు భాగాలు పాలుపంచుకొంటాయి. ఎవరు ఎక్కడ ఉన్నారు, ఏది దేనిని తాకింది అన్న లెక్కలు ప్రధాన ప్రాసెసరు చేస్తుంది. ఆ లెక్కల ప్రకారం బొమ్మను గీసి రంగులు నింపే పని గ్రాఫిక్స్ ప్రాసెసరుది. పెళ్లి పంక్తిలో అన్నం వడ్డించేవాడు ఆలస్యం చేస్తే, కూరలు వడ్డించేవారు ఎందరున్నా విస్తరి ముందు కూర్చున్నవాడు ఎదురుచూడక తప్పదు. కంప్యూటరులోనూ అంతే. అన్నిటికంటె నెమ్మదిగా నడిచే భాగమే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది. కొత్తది కొనాలనుకొన్నవారు మొదట గుర్తించవలసింది దానినే.

గుర్తించే ఉపాయం ఎంతో సులువైనది. ఆటలోని అమరికలలో రిజల్యూషను, అంటే తెరపై గీసే చుక్కల సంఖ్య, తగ్గించి చూడాలి. 1920 x 1080 అమరికలో చుక్కలు 20,73,600. దానిని 1280 x 720కు దించితే అవి 9,21,600 అవుతాయి. అంటే గీతపని సగానికి పైగా తగ్గుతుంది. అప్పుడు వేగం బాగా పెరిగితే ఆలస్యం గ్రాఫిక్స్ భాగానిదని తెలుస్తుంది. ఏమాత్రం పెరగకపోతే ఆలస్యం చాలావరకు ప్రధాన ప్రాసెసరుదే. అటువంటప్పుడు ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కొన్నా అది ఖాళీగా కూర్చుంటుంది. వీధిలో తిరిగే జనం సంఖ్యను, కనుచూపు దూరాన్ని తగ్గించడమే అక్కడ ఉపకరిస్తుంది.

గ్రాఫిక్స్ భాగమే అలసిపోతున్నట్లయితే మొదట తగ్గించవలసినవి నీడలు. ఒక చెట్టు నీడ ఎక్కడ పడుతుందో తెలుసుకోవడానికి చాలా ఆటలు ఆ దృశ్యాన్ని సూర్యుని వైపునుండి మరొకసారి గీసి చూసుకొంటాయి. ఒక్క నీడకోసం ఇంత శ్రమ! ఆటగాడు పరుగులో ఉన్నప్పుడు ఆ నీడ అంచు నునుపుగా ఉందా లేదా అన్నది గమనించనైనా గమనించడు. తక్కువ చుక్కలతో గీసి, ఆ బొమ్మను తెర నిండేటట్లు పెంచి చూపే పద్ధతి కూడా వచ్చింది. 2021లో ఏఎండీ సంస్థ విడుదల చేసిన ఎఫ్.ఎస్.ఆర్. అటువంటిదే, మొదటి రూపం పాత కార్డులపైనా పనిచేసేది.

ఆట సాఫీగా సాగుతూ ఉండి, కొత్త ప్రదేశంలో అడుగుపెట్టినప్పుడల్లా ఆగి ఆగి కదిలితే సందేహించవలసింది జ్ఞాపకశక్తిని. ర్యామ్ నిండిపోయినప్పుడు కంప్యూటరు హార్డ్ డిస్కును ఆశ్రయిస్తుంది. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కుపై కావలసిన చోటు ముల్లు కిందికి రావడానికే సగటున 4 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. ముల్లు పక్కకు జరగడానికి పట్టే కాలం దానికి అదనం. 16.7 మిల్లీసెకన్ల గడువులో ఇటువంటి యాత్రలు ఎన్ని సాధ్యం? సాలిడ్ స్టేట్ డ్రైవులో తిరిగే పళ్లెం లేదు కనుక ఈ నిరీక్షణ దాదాపు మాయమవుతుంది. విడి గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రం ర్యామ్‌లోనే కొంత భాగాన్ని బొమ్మలకు వాడుకొంటుంది. అక్కడ 8 జీబీల ఒకే పలక కంటె 4 జీబీల పలకలు రెండు అమర్చడం మేలు. సమాచారం రెండు దారులలో ఏకకాలంలో ప్రవహిస్తుంది.

మొదటి పది నిమిషాలు చక్కగా నడిచి తరువాత నీరసించే యంత్రానికి జబ్బు వేడి. ప్రాసెసరు హద్దుమీరి వేడెక్కినప్పుడు తనను తాను కాపాడుకోవడానికి వేగాన్ని తగ్గించుకొంటుంది. రోహిణీకార్తెలో విజయవాడలోనో, రామగుండంలోనో గది గాలే కాగిపోతూ ఉంటే ఫంకా దేనితో చల్లబరుస్తుంది? ధూళితో మూసుకొన్న రంధ్రాలను శుభ్రపరచడం, ఎండిన థర్మల్ పేస్టును మార్పించడం, ల్యాప్‌టాప్‌ను పరుపుపై కాక బల్లపై ఉంచడం ఆటలకే కాదు, యంత్రం ఆయుర్దాయానికీ అవసరం. వేగం పెంచుతామని చెప్పుకొనే ప్రోగ్రాములతో ఒరిగేది స్వల్పం. వేగం కోసం వైరస్ రక్షణను తొలగించడం మాత్రం తలుపు తీసిపెట్టి నిద్రపోవడమే.

పనిని తగ్గించే ఈ విద్య ఆటలను నిర్మించినవారికి కొత్త కాదు. 1978లో జపానులో తొమొహిరో నిషికాడో రూపొందించిన స్పేస్ ఇన్వేడర్స్‌లో శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవారి వేగం పెరిగేది. గీయవలసిన బొమ్మలు తగ్గడమే దానికి కారణం. ఆయన దానిని లోపంగా భావించి సరిదిద్దలేదు, ఆటకు అది ఉత్కంఠను చేకూర్చిందని ఉంచేశాడు. 1990లో అమెరికాలో వచ్చిన కమాండర్ కీన్ ఆటకు జాన్ కార్మాక్ వేరొక ఉపాయం పన్నాడు. తెర పక్కకు జరిగినప్పుడు అంతా తిరిగి గీయక, మారిన గళ్లను మాత్రమే గీయించాడు. 1993లో వచ్చిన డూమ్ ఆటలో ఆయన మరింత ముందుకు వెళ్లాడు. భవనం పటాన్ని ముందుగానే ముక్కలుగా విభజించి, ఏ గోడ ముందు, ఏ గోడ వెనుక అన్నది క్షణంలో తేలేటట్లు అమర్చాడు. ముందున్న గోడ కప్పివేసిన గోడను గీయనక్కరలేదు. అందువలననే 386 ప్రాసెసరు, 4 ఎంబీల ర్యామ్ ఉన్న యంత్రంపై కూడా ఆ ఆట కదిలింది. అదీ చాలనివారికోసం దృశ్యం చట్రాన్ని చిన్నది చేసుకొనే మీటలు ఉండేవి.

ఈ ఉపాయాలకూ ఒక హద్దు ఉంది. 2025లో విడుదలైన డూమ్: ది డార్క్ ఏజెస్, కాంతికిరణాల మార్గాన్ని లెక్కించే ప్రత్యేక భాగం ఉన్న గ్రాఫిక్స్ కార్డు లేనిదే ప్రారంభం కాదు. ఆ భాగం లేని కార్డుకు ఏ అమరికా సాయపడదు. తొలి డూమ్ దారి వేరు. 1997లో దాని మూలప్రోగ్రామును అందరికీ అందుబాటులోకి తెచ్చారు. ఔత్సాహికులు దానిని గ్రాఫింగ్ క్యాలిక్యులేటరుపైనా, ప్రింటరుకు అమర్చిన చిన్న తెరపైనా ఆడించి చూపారు.