చిల్లుకుండ లేజరు

కాంతి తరంగం కన్నా చిన్న నిర్మాణాల్లో కాంతిని బంధించి పని చేయించే శాస్త్రం నానోఫోటోనిక్స్. అందులో పరిశీలించే వస్తువు వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉంటుంది. దాన్ని పరిశీలించే లేజరు మాత్రం మీటర్ల పొడవున్న బల్లను ఆక్రమించుకుంటుంది. పాతకాలపు యంత్రం కాబట్టి అంత మొరటుగా ఉందని, ఇంజనీర్లు కాస్త మనసు పెడితే ఎప్పుడో చిన్నదయ్యేదని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. ఆ బల్లమీది టైటానియం-సఫైర్ లేజరు ఒళ్లు పెరగడానికి దాని స్ఫటికంలోని ఒక భౌతిక ధర్మమే కారణం. దానికి విరుగుడు ఇన్నాళ్లూ ఈ లేజరు మీదే బతికిన నానోఫోటోనిక్స్ నుంచి రావడం కూడా కాకతాళీయం కాదు.

కెంపు, నీలం రెండూ కురువిందమే, అంటే అల్యూమినియం ఆక్సైడే. అందులో క్రోమియం కలిస్తే కెంపు. 1960లో థియోడర్ మైమన్ వెలిగించిన మొట్టమొదటి లేజరు దాంతో చేసిందే. ఇనుము, టైటానియం జంటగా చేరితే నీలం. ఇనుము లేకుండా టైటానియం ఒక్కటే కొద్దిగా చేరితే లేత గులాబీ రంగు స్ఫటికం వస్తుంది; అదే టైటానియం-సఫైర్. జ్యోతిష్కులకు అక్కరకు రాని రాయి. 1982లో ఎంఐటీ లింకన్ ప్రయోగశాలలో పీటర్ మౌల్టన్ దీన్ని లేజరుగా పనిచేయించాడు. దాని గొప్పతనమంతా వెడల్పులో ఉంది: 650 నుంచి 1100 నానోమీటర్ల దాకా ఏ రంగు కావాలంటే ఆ రంగు ఇస్తుంది. అంతకుముందు ఆ పని రోడమిన్ వంటి రంగు ద్రావణాలు చేసేవి. వాటిని పంపుతో తిప్పుతూ ఉండాలి, చెడిపోతే మార్చాలి, ఒలికితే తుడవాలి. అయితే గులాబీ రాయికీ ఒక లోపముంది. కెంపులో క్రోమియం తాను పీల్చుకున్న శక్తిని సుమారు 3 మిల్లీసెకండ్లు దాచుకుంటుంది. ఇక్కడ టైటానియం 3.2 మైక్రోసెకండ్లకే వదిలేస్తుంది, అంటే వెయ్యో వంతు సమయంలోనే. చిల్లుకుండను నిండుగా ఉంచాలంటే కారేదానికన్నా వేగంగా పోస్తూనే ఉండాలి. అందుకే ఆ తొలి రోజుల్లో దీని వెనుక ఆర్గాన్ లేజరును నిలబెట్టాల్సి వచ్చింది. పది ఇరవై వాట్ల కాంతి కోసం అది పదుల కిలోవాట్ల త్రీఫేజ్ కరెంటు మింగేది. చల్లార్చడానికి నీటి పైపులు వేరే. తర్వాత ఆర్గాన్ స్థానంలోకి డయోడ్లతో నడిచే ఆకుపచ్చ లేజర్లు వచ్చాయి, కరెంటు బిల్లు తగ్గింది. చిల్లు మాత్రం అలాగే ఉంది.

మరి ఇంత ఖర్చుకు శాస్త్రజ్ఞులు ఎందుకు ఒప్పుకున్నారు? అతి పొట్టి కాంతి తునకల కోసం. కాంతి తునక (పల్స్) ఎంత పొట్టిదైతే అందులో అంత ఎక్కువ రంగులు ఇమడాలి, ఈ స్ఫటికంలో రంగులకు కొదవ లేదు. 1991లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో విల్సన్ సిబెట్ బృందం, తీవ్రమైన కాంతికి స్ఫటికమే కటకంలా మారి తునకలను తనంతట తానే పొట్టిగా చేస్తుందని చూపింది. చాలా ల్యాబుల్లో ఈ క్రియ మొదలుకావాలంటే అద్దం బిగించిన స్టాండును వేలితో చిన్నగా తట్టాల్సిందే. తట్టగానే తెరమీద సూదిలా ఉన్న వర్ణపటం వెడల్పైన గుట్టలా పరుచుకుంటుంది. అప్పుడు సగటున ఒక్క వాటు కాంతే ఉన్నా, సెకనుకు 8 కోట్ల తునకలుగా, ఒక్కొక్కటి 100 ఫెమ్టోసెకండ్ల నిడివితో వస్తే, శిఖరం వద్ద శక్తి లక్ష వాట్లు దాటుతుంది. బంగారు నానోకణాన్ని కరిగించకుండానే అందులోని ఎలక్ట్రాన్ల ఊగిసలాటను పట్టుకోవడానికి ఇలాంటి కాంతే కావాలి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఫెమ్టోసెకండ్ లేజర్లతో లోహాలను చెక్కి, ఆ నానో ఉపరితలాలతో పేలుడు పదార్థాల జాడలు పసిగట్టే పరిశోధన కూడా ఈ కోవలోదే.

కుండకు చిల్లు పూడ్చలేం, అది స్ఫటికంలోని టైటానియం గుణం. కుండను చిన్నది చేయగలం. లేజరు వెలగడానికి కావలసిన కనీస శక్తి, కాంతిపుంజం అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. మామూలు స్ఫటికంలో పుంజాన్ని సన్నని బిందువుకు కుదిస్తే మరుక్షణమే విచ్చుకుంటుంది. మైక్రాన్ వెడల్పు కాలువలో నడిపిస్తే చివరిదాకా సన్నగానే ఉంటుంది. 2024లో స్టాన్‌ఫర్డ్‌లో యెలేనా వుచ్‌కోవిచ్ బృందం చేసిందిదే: సఫైర్‌ను పలుచని పొరగా అరగదీసి, అందులో కాలువలు చెక్కి, చిప్ మీద లేజరును వెలిగించింది. దాంతోనే సిలికాన్ కార్బైడ్‌లోని కృత్రిమ పరమాణువులతో క్వాంటం ప్రయోగం చేసింది. అంటే నానోఫోటోనిక్స్ తన పనిముట్టును తానే తయారుచేసుకుంది.

డయోడ్లు చౌకయ్యాక ఈ తంటా ఎందుకనవచ్చు. 2009లోనే నీలి డయోడ్‌తో ఈ స్ఫటికాన్ని నేరుగా వెలిగించిన మాట నిజమే; కానీ అది కాంతి పోసే ఖర్చును తగ్గిస్తుంది, పోయాల్సిన మొత్తాన్ని కాదు. ఇటర్బియం ఫైబర్ లేజర్లు ఉన్నాయిగా అనేది ఇంకా బలమైన అభ్యంతరం. పరిశ్రమల్లో అవి గెలిచాయి, గెలవాలి కూడా. అయితే అవి సహజంగా పలికేది 1030 నానోమీటర్ల చుట్టుపక్కలే. రుబిడియం పరమాణువులకు 780, సీసియం పరమాణువులకు 852 కావాలి, బంగారు నానోకడ్డీల ప్రతిస్పందన వాటి పొడవును బట్టి మారుతుంది. ఒకే లేజరుతో ఇన్నిటినీ తడమాలంటే గులాబీ రాయి దగ్గరికే రావాలి. చిప్ ఇచ్చే శక్తి తక్కువన్న మూడో మాటను కొంతవరకు ఒప్పుకుంటాను. దానికి తోడు స్టాన్‌ఫర్డ్ చిప్ బయటినుంచి వచ్చిన తునకలను పెంచి చూపింది గానీ ఫెమ్టోసెకండ్ తునకలను తానే పుట్టించలేదు. కాలువలో ఒక్కో రంగు ఒక్కో వేగంతో నడుస్తుంది, ఆ తేడాను సరిచేయాలి. పెద్ద బల్లమీద ఆ పని పట్టకాలు, ప్రత్యేకమైన అద్దాలు చేస్తాయి. చిప్‌లో ఆ సర్దుబాటు కాలువ ఆకారంలోనే చెక్కాలి. అది కుదిరేదాకా పొట్టి తునకలు కావలసిన ల్యాబుల్లో పెద్ద బల్ల కదలదు. ఒకే నిలకడైన రంగు చాలనుకునే క్వాంటం ల్యాబులు మాత్రం దాన్ని ఇప్పటినుంచే ఖాళీ చేయించే ఆలోచన పెట్టుకోవచ్చు.