కిటికీ పక్క సీటు ఉందా?

2005 దీపావళికి ఇంటికి వెళ్దామని ఫణీంద్ర సామ బెంగళూరులో ట్రావెల్స్ ఏజెంట్ల చుట్టూ తిరిగారు. టికెట్టు దొరకలేదు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో పనిచేస్తున్న ఆ తెలంగాణ ఇంజినీరు అసలు ఎందుకు దొరకలేదా అని ఆరా తీశారు. అప్పట్లో ఒక్కో ఏజెంటు చేతిలో కొన్ని సంస్థల సీట్లే ఉండేవి. మిగతా బస్సుల సంగతి తెలియాలంటే ఫోన్ చేయాల్సి వచ్చేది, అవతలివాళ్లు చార్టు చూసి చెప్పేవారు. ఒక వీధిలో జనం టికెట్టు లేక వెనుదిరుగుతుంటే, పక్క వీధిలో బస్సు ఖాళీ సీట్లతోనే కదిలిపోయే అవకాశం ఉండేది.

మరుసటి ఏడాది సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి ఆయన రెడ్‌బస్ ప్రారంభించారు. వ్యాపారానికి వెబ్‌సైట్ ఎలా ఉండాలో తెలుసుకోవాలనుకునే వాళ్లు ముందుగా చూడాల్సింది ఆ సైటునే.

అందులో ప్రధానంగా మూడు గడులు: ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ రోజు. కౌంటరు దగ్గర ప్రయాణికుడు చెప్పే వరుస కూడా అదే. తర్వాత బస్సు లోపలి పటం వస్తుంది. కిటికీ పక్క సీటు ఉందా, కింది బెర్తు దొరుకుతుందా, పక్క సీటు ఆడవాళ్లదేనా? ఏజెంటు ‘బస్సెక్కాక చూసుకోండి’ అని దాటేసే ఈ ప్రశ్నలకు ఇక్కడ కళ్లెదుటే జవాబు ఉంటుంది. రాత్రి బస్సులో ఒంటరిగా బయల్దేరే అమ్మాయికి పక్క సీటు ఎవరిదన్నది ఛార్జీ కన్నా పెద్ద విషయం. ఎక్కే చోటు, దిగే చోటు, రద్దు చేసుకుంటే తిరిగొచ్చే డబ్బు, అదే బస్సులో వెళ్లొచ్చినవాళ్లు ఇచ్చిన రేటింగ్, ఇవన్నీ డబ్బు కట్టకముందే తెలుస్తాయి.

తెర వెనక జరిగిన పని ఇంకా పెద్దది. సీట్ల లెక్కను కంప్యూటరులోకి తెచ్చేందుకు బస్సు యజమానుల కోసం రెడ్‌బస్ విడిగా సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. ఒకే సీటు ఇద్దరికి అమ్ముడైతే, పేజీ ఎంత ముచ్చటగా ఉన్నా అర్ధరాత్రి రోడ్డు పక్కన సామాను పట్టుకుని నిలబడిన మనిషికి ఒరిగేదేమీ లేదు. 2013లో ఐబీబో గ్రూపు రెడ్‌బస్‌ను కొనుక్కుంది.

లండన్‌లో ఇందుకు పూర్తిగా భిన్నమైన కథ నడిచింది. 1999 నవంబరులో బూ డాట్ కామ్ అనే ఫ్యాషన్ దుస్తుల సైటు మొదలైంది. బట్టలను తిప్పి తిప్పి చూడొచ్చు, మిస్ బూ అనే బొమ్మ సలహాలు చెబుతుంది. కానీ అప్పట్లో చాలా ఇళ్లలో ఉన్నది టెలిఫోన్ లైను మీద నడిచే డయలప్ కనెక్షన్. పేజీ తెరుచుకునేలోపే కొనాలన్న ఉత్సాహం చల్లారేది. చేతికి ఎముక లేనట్టు పెట్టిన ఖర్చు కూడా తోడై, సుమారు 13.5 కోట్ల డాలర్లు కరిగిపోయాక, 2000 మే నెలలో అది మూతపడింది. ఆలోచన మంచిదే. కొనేవాళ్ల ఇంట్లో ఏ లైను ఉందో చూసుకోలేదు.

ఇప్పుడు చూసుకోవాల్సింది చవక ఫోన్‌ను, ఊళ్లో వచ్చీపోయే సిగ్నల్‌ను. పేజీలోని ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టిన కొలత. ఫొటోలను సైజు తగ్గించకుండా కెమెరాలో ఉన్నవి ఉన్నట్టే ఎక్కించే దుకాణాలు ఆ కొలతను అందుకోవడం కష్టం.

చీరల దుకాణానికి వచ్చిన ఆవిడ ఏం చేస్తుంది? పల్లూ విప్పించుకుంటుంది, అంచు పట్టి చూస్తుంది, అసలు రంగు కోసం గుమ్మం దాకా తీసుకెళ్తుంది. బ్లౌజు ముక్క ఉందా, మగ్గం మీద నేసిందేనా అని అడుగుతుంది. పోచంపల్లి ఇక్కత్ అమ్మే సైటు కూడా అదే వరుసలో నడవాలి: పల్లూ ఫొటో, అంచు దగ్గర్నుంచి తీసిన ఫొటో, పగటి వెలుగులో ఇంకోటి, పొడవు, బ్లౌజు ముక్క వివరం, చేనేత గుర్తు. అమెరికాలో ఉండే కొనుగోలుదారుకైతే ఫాల్, పీకో కుట్టించి పంపుతారా, ఎన్ని రోజులు పడుతుంది, కస్టమ్స్ సుంకం ఎవరు కట్టాలి అన్నవి కూడా తెలియాలి. వీటిలో ఒక్కటి లేకపోయినా ఆవిడ వాట్సాప్‌లో అడుగుతుంది. మరీ ఎక్కువసార్లు అడగాల్సి వస్తే ఇంకో సైటుకు వెళ్లిపోతుంది.

తెలుగు దుకాణాల సైట్లలో మరో లోపం తరచూ కనిపిస్తుంది. వాట్సాప్ కోసం చేయించిన ధరల పట్టికను, ఆఫర్ల వివరాలను బొమ్మగానే సైటులో అతికిస్తారు. బొమ్మలోని తెలుగు అక్షరాలు సెర్చ్‌లో దొరకడం కష్టం. చూపులేనివారికి ఫోన్ వాటిని సరిగ్గా చదివి వినిపించలేదు. అక్షరాలు పెద్దవి చేసి చూడాలనుకునే పెద్దవాళ్లకు మసకబారతాయి. అదే సమాచారాన్ని యూనికోడ్‌లో టైపు చేస్తే ఈ మూడు ఇబ్బందులూ ఉండవు. 2020 జూన్‌లో ఫ్లిప్‌కార్ట్, సెప్టెంబరులో అమెజాన్ తెలుగులోకి వచ్చాయి. అంత పెద్ద సంస్థలు అవసరమనుకున్న పనిని గుంటూరు పచ్చళ్ల వ్యాపారి వాయిదా వేయడం తగదు.

డబ్బు కట్టే చోట చిన్న అడ్డంకి కూడా ఎంత నష్టం తెస్తుందో అమెరికాకు చెందిన వెబ్ నిపుణుడు జేరెడ్ స్పూల్ చెప్పిన ఉదంతం చూపిస్తుంది. ఒక పెద్ద రిటైల్ సైటు, కొనేముందు ఖాతా తెరవమని అడిగేది. కొత్తవాళ్లు చిరాకుపడేవారు, పాతవాళ్లు పాస్‌వర్డ్ మరిచిపోయేవారు. ఖాతా తెరవమనే బటన్ తీసేసి ముందుకు సాగమనే బటన్ పెట్టి, ఖాతా అక్కర్లేదని చిన్న సందేశం రాశారు. కొనుగోలు పూర్తిచేసేవాళ్లు 45 శాతం పెరిగారు. మొదటి ఏడాదిలోనే 30 కోట్ల డాలర్ల అదనపు అమ్మకాలు జరిగాయి.

తొందరపెట్టో మభ్యపెట్టో అమ్మే దారులకు మన దేశంలో చట్టమూ అడ్డుంది. ‘ఇంకా రెండే మిగిలాయి’ అని అబద్ధం చెప్పడం, అడగని వస్తువును బుట్టలో చేర్చడం వంటి 13 రకాల మాయలను కేంద్రం 2023లో నిషేధించింది. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఫిర్యాదుల అధికారి పేరు, ఫోన్ నంబరు సులువుగా కనిపించే చోట ఉంటే కొత్తగా వచ్చినవాళ్లకు నమ్మకం కుదురుతుంది.

సైటు సిద్ధమయ్యాక దాన్ని పరీక్షించడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ఐదుగురితో వాడించి చూస్తే లోపాలు చాలావరకు బయటపడతాయని వెబ్ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లోనే రాశారు. పదిహేను మందిని ఒకేసారి కూర్చోబెట్టడం కన్నా, ఐదుగురి చొప్పున మూడు విడతలు, మధ్యలో దిద్దుకుంటూ చేయడం మేలన్నది ఆయన సలహా. ఆ ఐదుగురూ సొంత సిబ్బంది కాకూడదు, నిజంగా కొనేవాళ్లే కావాలి. వాళ్ల ఫోన్ వాళ్ల చేతికే ఇచ్చి ఒక ఆర్డరు పెట్టమనాలి. యజమాని పక్కనే కూర్చోవచ్చు, నోరు మాత్రం విప్పకూడదు. ‘అక్కడ నొక్కండి’ అని చెప్పాలనిపించిన ప్రతి చోటునూ కాగితం మీద రాసుకుని, రెండో విడతకు ముందే సరిచేయించాలి.